రంగు పోవాలి, కలప నిలవాలి

షాబాన్ నెల ప్రవేశించగానే మన వాడలలో సున్నపు వాసన, పెయింటు వాసన కలగలిసి వీస్తాయి. రమజాన్ రాకముందే ఇల్లు శుభ్రపడాలని, పండుగనాటికి గోడలు, తలుపులు కొత్త కళ సంతరించుకోవాలని ప్రతి గృహిణీ ఆశిస్తుంది. ఆ ఆశ మంచిదే. పరిశుభ్రతను ప్రేమించే ధర్మం మనది. అయితే కొత్త రంగు ఏది వేయాలన్న దాని గురించి ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించుకునే మనం, పాత రంగును ఎలా తీయాలన్న దాని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించము. ఆ పనిని తొందరకు, బలానికి, చేతికందిన సీసాకు వదిలేస్తాము.

ఎండిపోయిన రంగును తీయడం గురించి ధార్మిక పత్రికలో వ్యాసమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. మేమూ నిరుటి వరకు దీనిని మేస్త్రీల వ్యవహారమనే అనుకున్నాము. ఒక పెయింటరు సోదరుడు మమ్మల్ని అడిగిన ఒక ప్రశ్న, ఆ తరువాత వారం రోజులకు ఆయనే మా తప్పును సరిదిద్దిన తీరు మా అభిప్రాయాన్ని మార్చివేశాయి. ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాము.

ఆ చేతులతో వుజూ అవుతుందా?

ఒకనాడు అసర్ నమాజు ముగిశాక ఆ సోదరుడు మస్జిదు వరండాలో మా ఎదుట కూర్చుని రెండు చేతులూ చాపాడు. గోళ్ల అంచులలో నీలి రంగు గట్టిపడి ఉంది. మణికట్టు మీద తెల్లటి చుక్కలు. అంతకంటే మమ్మల్ని కలచివేసినది అరచేతుల స్థితి. చర్మం ఎండి, పగిలి, కొన్నిచోట్ల రక్తపు జీరలు కనిపిస్తున్నాయి.

"హజ్రత్, ఈ చేతులతో వుజూ అవుతుందా?" అని అడిగాడు. "రంగు పొట్టు ఒక్కటి మిగిలినా నమాజు చెల్లదని ఎవరో చెప్పారు. పనిలో ఉన్నప్పుడు జుహర్, అసర్ వదిలేస్తున్నాను. రాత్రి ఇంటికి వెళ్లి థిన్నరుతో తోముకుని అన్నీ కలిపి ఖజా చేసుకుంటున్నాను. పన్నెండేళ్లుగా ఇదే నడుస్తోంది."

పన్నెండేళ్లు! ఒక విశ్వాసి తన ప్రభువు ముందు నిలబడాలన్న ఆరాటంతోనే ప్రభువు ముందు నిలబడడం మానుకున్నాడు. ఈ పాపంలో ఆయన వాటా ఎంతో, సరిగా వివరించని మావంటి వారి వాటా ఎంతో అల్లాహ్‌కే ఎరుక.

విషయాన్ని స్పష్టంగా చెప్పుకుందాము. వుజూలో కడగవలసిన అవయవాలను సూరహ్ మాయిదహ్ 6వ ఆయతు పేర్కొన్నది. నీరు చర్మాన్ని తాకడం తప్పనిసరి. పాదం మీద గోరంత చోటు తడవకుండా ఉన్న వ్యక్తిని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వెనక్కి పంపి, వుజూ చక్కగా చేసుకుని రమ్మన్నారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. కనుక చర్మంపై పొరలా పేరుకుని నీటిని అడ్డుకునే పెయింటును వుజూకు ముందు తొలగించుకోవలసిందే. పొర లేకుండా వర్ణం మాత్రమే మిగిలితే ఆటంకం లేదు. గోరింటాకు పండిన చేతికి వుజూ అయినట్లే దానికీ అవుతుంది. ఈ తేడాను గోటితో గీకి చూసి తెలుసుకోవచ్చు. పొట్టులా లేచి వస్తే అది పొర. ఏమీ లేవకపోతే అది మరక.

అయితే అదే ఆయతు ముగింపును మనం మరచిపోతాము. అల్లాహ్ తన దాసులను ఇబ్బందికి గురిచేయ దలచుకోలేదని, వారిని పరిశుద్ధం చేయ దలచాడని ఆ ఆయతు తెలుపుతున్నది. రంగులద్దేవాని గోటి మీద నిలిచిన రంగు వుజూకు అడ్డు కాదని హనఫీ గ్రంథం దుర్రె ముఖ్తార్‌లో ప్రత్యేకంగా ప్రస్తావన ఉంది. అలసత్వానికి దీనిని సాకుగా తీసుకోరాదు. పొరను తీయడానికి సాధ్యమైన ప్రయత్నం చేయాలి. ప్రయత్నించిన తరువాత కూడా రానిది, వచ్చేలా చేయబోతే చర్మాన్ని గాయపరిచేది ఉంటే, షరీఅత్ ఆ గాయాన్ని కోరదు. ఎవరి పరిస్థితి ఎలాంటిదో తమ ప్రాంతపు ముఫ్తీని అడిగి తెలుసుకోవాలి. నమాజు వదిలేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ దీనికి పరిష్కారం కాదు.

మరి చేతుల రంగు తీయడం ఎలా? థిన్నరు, కిరోసిను, పెట్రోలు చర్మానికి శత్రువులు. అవి రంగుతోపాటు చర్మంలోని సహజమైన జిడ్డును కూడా కరిగించివేస్తాయి. పగుళ్లకు కారణం అదే. వాటిలోని రసాయనాలు చర్మం గుండా శరీరంలోనికి కూడా ప్రవేశిస్తాయి. ఆయిల్ పెయింటు, అంటే మనం ఎనామిల్ అనే రంగు అంటుకున్నప్పుడు వంటనూనె చాలు. కొబ్బరినూనెనో, వేరుశనగ నూనెనో ధారాళంగా రాసి, ఐదు పది నిమిషాలు నాననిచ్చి, ముతక గుడ్డతో రుద్ది తుడవాలి. ఆ తరువాత సబ్బుతో కడగాలి. గోళ్ల మూలలకు పాత టూత్ బ్రష్షు సరిపోతుంది. గోడలకు వేసే డిస్టెంపరు, ఎమల్షను గోరువెచ్చని సబ్బునీటిలో నానబెడితే మెత్తబడి వస్తాయి. అన్నిటికంటే మేలైన పద్ధతి రంగు ఆరకముందే కడుక్కోవడం. అంతకంటే మేలైనది పనికి ముందే చేతి తొడుగులు వేసుకుని, మోచేతులు కప్పే చొక్కా ధరించడం.

ఇవన్నీ ఆ సోదరునికి మేము నేర్పలేదు. నూనె సంగతి ఆయనకు తెలుసు. నిమిషాలకొద్దీ నానబెట్టే వ్యవధి లేక థిన్నరుకు అలవాటు పడ్డాడు. మేము చెప్పినది ఒక్కటే. ఆ పది నిమిషాలూ ఇబాదతులో భాగమే, యజమానిని నిస్సంకోచంగా అడగండి అని.

మా తలుపు, మా తప్పు

మా మద్రసాలో ఒక తరగతి గదికి పాత టేకు తలుపు ఉంది. రెండు రెక్కలు, ఒక్కొక్క రెక్క మీద చెక్కిన లతలు. ఏళ్ల తరబడి రంగు మీద రంగు పడి ఆ లతలు పూడుకుపోయి, తలుపు మూయడమే కష్టమైంది. రమజాన్‌కు ముందు దానిని బాగుచేయాలని సంకల్పించాము. కూలీ ఖర్చు తగ్గుతుందనీ, పిల్లలకు ఖిద్మతు అలవడుతుందనీ భావించి, గురువారం మధ్యాహ్నం విద్యార్థుల చేతికి సాండ్ పేపరు ఇచ్చాము. పదిహేనేళ్ల వారు తలుపును రుద్దుతుంటే, ఏడెనిమిదేళ్ల చిన్నారులిద్దరు రాలిన పొట్టును పోగుచేస్తున్నారు. గది నిండా పసుపు, ఆకుపచ్చ దుమ్ము. మేము తృప్తిగా చూస్తూ నిలబడ్డాము.

కొత్త రంగు వేయడానికి ఒప్పుకున్న ఆ పెయింటరు సోదరుడు కొలతలు చూసుకోవడానికి అప్పుడే వచ్చాడు. గడప దగ్గరే ఆగిపోయి, "హజ్రత్, ముందు పిల్లలను బయటకు పంపండి. మాటలు తరువాత" అన్నాడు. పిల్లల చేతులు, ముఖాలు సబ్బుతో కడిగించి, బట్టలు మార్పించి, ఆ బట్టలను విడిగా ఉతికించేవరకు ఆయన కూర్చోలేదు. తరువాత చెప్పాడు, పాత ఎనామిల్ రంగులలో సీసం ఉంటుందని, దానిని పొడిగా రుద్దితే విషం గాలిలో కలుస్తుందని.

మేము చదువుకున్నవారము. ఆయన ఐదవ తరగతి దాటలేదు. ఆనాడు పాఠం చెప్పినది ఎవరో పాఠకులు గ్రహించగలరు. ఆ ఇద్దరు చిన్నారుల తల్లిదండ్రులకు జరిగినది జరిగినట్లు తెలియజేశాము. రక్తపరీక్ష చేయించాము. ఆందోళన పడవలసిన పని లేదని వైద్యుడు చెప్పేవరకు నాలుగు రాత్రులు మాకు నిద్ర లేదు. మా అజ్ఞానం మరో ఇంట పునరావృతం కాకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాము.

సీసం అంటే ఏమిటి?

సీసం ఒక లోహం. రంగు ప్రకాశవంతంగా కనిపించడానికి, త్వరగా ఆరడానికి, ఎండవానలకు చెక్కుచెదరకుండా నిలవడానికి తయారీదారులు దశాబ్దాల పాటు సీసపు సమ్మేళనాలను పెయింటులో కలిపారు. ముఖ్యంగా తలుపులు, కిటికీలు, ఇనుప ఊచలకు వేసే ఆయిల్ పెయింట్లలో, అందునా గాఢమైన పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగులలో ఇది అధికం. మన దేశంలో గృహావసరాల పెయింటులో సీసం 90 పీపీఎం, అనగా పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. కనుక అంతకుముందు వేసిన ఆయిల్ పెయింటు ఏదైనా సరే, పరీక్షలో తేలనంతవరకు సీసం ఉన్నదనే భావించి మెలగడం వివేకం.

తలుపు మీద గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం ఆ రంగు పెద్దగా హాని చేయదు. పెచ్చులూడినప్పుడు, రుద్దినప్పుడు, కాల్చినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. దుమ్ము నేల మీద పడుతుంది. పాకే బిడ్డ చేతికి అంటుతుంది. ఆ చేయి నోటికి చేరుతుంది. శరీరం సీసాన్ని సున్నపు ధాతువైన కాల్షియంగా పొరబడి ఎముకలలో దాచుకుంటుంది. మెదడు ఎదిగే వయసులో అది బిడ్డ గ్రహణశక్తిని, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. పెద్దల శరీరం గ్రహించే దానికి నాలుగైదు రెట్లు అధికంగా పసివారి శరీరం సీసాన్ని గ్రహించగలదని, ఇంతవరకు ప్రమాదం లేదని చెప్పదగిన పరిమాణమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. గర్భిణి ఎముకలలో దాగిన సీసం గర్భస్థ శిశువును చేరుతుంది. జ్వరం రాదు, దద్దురు లేవదు. చదువులో వెనుకబడిన బిడ్డను బద్ధకస్తుడని మందలిస్తామే తప్ప కారణం తెలుసుకోలేము.

అందుచేత మొదటి సూత్రం ఇది. పాత రంగు గట్టిగా ఉండి, తలుపు చక్కగా మూసుకుంటూ ఉంటే దానిని తీయకండి. పై జిడ్డును సబ్బునీటితో కడిగి, ఆరనిచ్చి, దాని మీదనే కొత్త రంగు వేయండి. తీయక తప్పనప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి.

పిల్లలను, గర్భిణులను పని ముగిసి శుభ్రపరిచేవరకు ఆ చోటికి రానీయరాదు. వీలైతే తలుపును ఊడదీసి ఆరుబయట పని చేయాలి. క్రింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచాలి. రంగును నీటితో తడిపి, తడి ఆరనీయకుండా గీకాలి. పొడిగా రుద్దరాదు. మిషనుతో అసలే రుద్దరాదు. పని తరువాత చీపురుతో ఊడ్వరాదు, తడిగుడ్డతో తుడవాలి. పొట్టును సంచిలో మూటగట్టి చెత్త బండి వారికి విషయం చెప్పి అప్పగించాలి. మొక్కల పాదుల్లో, కాలువలో పోయరాదు. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటి అయినప్పుడు, హానికర వస్తువును దారిలో పారవేయడం ఏమవుతుందో మనమే ఆలోచించుకోవాలి. పని చేసిన బట్టలను విడిగా ఉతకాలి. చేతులు కడుక్కోనిదే తినరాదు, బిడ్డను ఎత్తుకోరాదు.

ఇంకొక మాట మన వంటవారికి. ఇల్లు పడగొట్టినప్పుడు పాత తలుపులు, కిటికీ చెక్కలు వలీమా విందులలో దేగీల క్రింద వంటచెరకుగా మారడం మనం చూస్తూనే ఉన్నాము. రంగు వేసిన చెక్కను కాల్చితే సీసం పొగలో కలుస్తుంది, మిగిలినది బూడిదలో ఉంటుంది. ఆ బూడిదతోనే గిన్నెలు తోముతాము. రంగు చెక్క పొయ్యికి పనికిరాదని ఇంటింటా తెలియాలి.

ముందు రంగును గుర్తించండి

ఏ రంగు ఎలా ఎండిందో తెలిస్తే ఎలా వదులుతుందో తెలుస్తుంది. సున్నం గాలిని పీల్చుకుని రాయిగా మారుతుంది. డిస్టెంపరు, ఎమల్షన్లలోని నీరు ఆవిరై పొర మిగులుతుంది. ఎనామిల్ గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతుంది. అందుకే నీరు దానిని కరిగించలేదు, ఎండిన తరువాత టర్పెంటైను కూడా కరిగించలేదు. లక్కతో చేసిన పాలిష్ స్పిరిటులో కరుగుతుంది.

గుడ్డను స్పిరిటుతో తడిపి కనిపించని మూల రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే, లేదా పొర జిగటగా మారితే అది ఎమల్షనో, లక్క పాలిషో అయి ఉంటుంది. ఏమాత్రం చలించకపోతే ఆయిల్ పెయింటు అనుకోవచ్చు. ఏ పద్ధతినైనా ముందు అలాంటి మూలలో ప్రయత్నించి, ఒక పూట ఆగి చూసిన తరువాతే మిగిలిన భాగానికి వెళ్లాలి.

కలప విషయంలో

కలప మెత్తనిది, జీవమున్న చెట్టు నుండి వచ్చినది. దాని మీద పని తక్కువ బలంతో మొదలుపెట్టి, అవసరమైతేనే పెంచుకుంటూ పోవాలి.

ఒకటి రెండు చుక్కలు పడితే, ఎమల్షనైతే తడిగుడ్డను కాసేపు కప్పి ఉంచి, ప్లాస్టిక్ ముక్కతోనో, గోటితోనో లేపవచ్చు. ఎనామిల్ చుక్క అయితే పదునైన బ్లేడును పడుకోబెట్టి పట్టుకుని, కలప గీతలు నడిచే దిశలోనే నెమ్మదిగా తీయాలి. అడ్డంగా గీకితే పడే చారలు పాలిష్ వేశాక మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

తలుపు మొత్తం తీయాలంటే రెండు మార్గాలున్నాయి. ఒకటి వేడిగాలి. హీట్ గన్ అనే యంత్రం రంగును మెత్తబరుస్తుంది. రంగు ఉబ్బగానే లప్పం పెట్టే బ్లేడుతో లేపాలి. సీసపు రంగైతే దీనిని తక్కువ వేడి మీదనే, ఆరుబయటనే వాడాలి. వేడి మితిమీరితే సీసం ఆవిరిగా మారుతుంది. నిప్పు మంటతో కాల్చే పాత పద్ధతి మాత్రం ఎన్నటికీ కూడదు. కిటికీ అద్దాల దగ్గర వేడి తగిలితే అద్దం పగులుతుంది.

రెండవది దుకాణంలో దొరికే పెయింట్ రిమూవర్. బ్రష్షుతో మందంగా పూసి, ఆరకుండా ప్లాస్టిక్ కాగితం కప్పి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచితే రంగు ముడతలు పడి లేస్తుంది. కొనేముందు డబ్బా మీది వివరాలు చదవాలి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్ వేగంగా పనిచేస్తుంది, ప్రాణం కూడా తీయగలదు. మూసిన స్నానపు గదులలో దానితో పనిచేస్తూ అమెరికాలో పలువురు మరణించారు. ఇళ్లలో వాడుకునే రంగు రిమూవర్లలో దానిని ఆ దేశం 2019లో నిషేధించింది. దుమ్మును ఆపే మామూలు మాస్కు ఈ ఆవిరిని ఆపలేదు. కనుక అది లేనిదే ఎంచుకోవాలి. ఏదైనా ఆరుబయటనే, చేతి తొడుగులతోనే వాడాలి.

కాస్టిక్ సోడా చవకగా దొరుకుతుందని కొందరు దానిలో తలుపులు ముంచుతారు. అది రంగుతోపాటు కలప వన్నెను నల్లబరచవచ్చు, అతుకుల జిగురును వదులు చేయవచ్చు. చర్మానికి, కంటికి తగిలితే తీవ్రంగా కాల్చుతుంది. గృహస్థులకు అది తగదు.

చెక్కిన లతలలో, మూలలలో ఇనుప పనిముట్లు వాడవద్దు. మెత్తబడిన రంగును వెదురు పుల్లతోనో, టూత్ బ్రష్షుతోనో తీయండి. రంగంతా పోయాక తడి తుడుపు తుడిచి, రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. ఆ పిమ్మట 120, తరువాత 180 నంబరు సాండ్ పేపరుతో తేలికగా నునుపు చేయాలి. సీసం ఉన్నదన్న అనుమానముంటే ఈ నునుపు కూడా నీళ్ల సాండ్ పేపరుతో తడిపే చేయాలి. అవిసెనూనె పూసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ నూనెలో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేస్తే అవి తమంత తామే వేడెక్కి అంటుకోగలవు. వాటిని పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

ఇంటిలోని ఇతర ఉపరితలాలు

గాజు: కిటికీ అద్దాలను సబ్బునీటితో బాగా తడిపి, కొత్త బ్లేడును ఏటవాలుగా పట్టి ఒకే దిశలో నెట్టాలి. పొడి గాజు మీద బ్లేడు గీతలు పెడుతుంది. సున్నపు చుక్కలైతే వెనిగరు తడిపిన గుడ్డ చాలు.

నేల రాళ్లు: తాండూరు, షాబాదు, కడప బండలు సున్నపురాయి జాతివి. వెనిగరు, నిమ్మరసం, బాత్రూము ఆసిడ్ సున్నపు మరకను తీస్తాయి నిజమే, ఆ మరకతోపాటు రాయినీ తింటాయి. మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. చలువరాయికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ సబ్బునీరు, ప్లాస్టిక్ బ్లేడు, ఓపిక మాత్రమే ఔషధాలు. మెరుగు పూసిన టైల్స్ గట్టివి. నీటితో నానబెట్టి బ్లేడుతో లేపవచ్చు.

లోహాలు: ఇత్తడి గొళ్లాలు, ఇనుప బందులు ఊడదీసి, పాత గిన్నెలో చాకలి సోడా కలిపిన నీటిలో సన్నని సెగపై అరగంట ఉంచితే రంగు తోలులా ఊడుతుంది. ఇది వంటగదిలో కాదు, ఆరుబయట చేయాలి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడరాదు. అల్యూమినియాన్ని మాత్రం సోడా నీటిలో వేయరాదు. సోడా దానిని తినివేస్తుంది.

ప్లాస్టిక్, స్విచ్ బోర్డులు: ముందు మెయిన్ ఆపాలి. థిన్నరు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. సబ్బునీరు పిండిన గుడ్డ, ప్లాస్టిక్ ముక్క వాడండి.

బట్టలు, జానమాజులు: ఎమల్షను పడిన వెంటనే చల్లని నీటి ధార క్రింద వెనుక వైపు నుండి కడగాలి. ఆరితే స్పిరిటుతో మెత్తబరచి, మొద్దు చెంచాతో గీకాలి. రంగు మరక అశుద్ధం కాదు. మరక మిగిలినా ఆ జానమాజు మీద నమాజు నిస్సంకోచంగా చేయవచ్చు. పారవేయవద్దు.

అమానతు, కూలీ

అద్దె ఇంటి తలుపు మనది కాదు. వక్ఫు ఆస్తి, మస్జిదు మింబరు అసలే మనవి కావు. అందంగా చేద్దామన్న మంచి ఉద్దేశంతోనైనా యజమాని అనుమతి లేనిదే, కమిటీ నిర్ణయం లేనిదే వాటి రంగును గీకరాదు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని సూరహ్ నిసా 58వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. వస్తువును ఉన్న స్థితిలో కాపాడి అప్పగించడం కూడా అందులో భాగమే.

పనివారిని పిలిచినప్పుడు వారి ఆరోగ్యం కూడా మన బాధ్యతే. చేతి తొడుగుల జత, ఒక సబ్బు, కాస్త కొబ్బరినూనె, నమాజు వేళకు పావుగంట వ్యవధి. ఇవి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? తడిపి గీకితే పని ఒక రోజు ఆలస్యమవుతుంది. ఆ రోజు కూలీ అదనంగా ఇవ్వండి. త్వరగా ముగించమని మనం తొందరపెట్టినప్పుడే వారు పొడి సాండ్ పేపరు పట్టుకుంటారు.

మృదుత్వమే మార్గం

ఒక ఎడారివాసి తెలియక మస్జిదులోనే మూత్రవిసర్జన చేసినప్పుడు, సహచరులు కోపంతో లేవగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారిని ఆపారు. అతన్ని ముగించనిచ్చి, ఆ చోట ఒక బొక్కెనెడు నీరు పోయించారు. సహీహ్ బుఖారీలో ఈ సంఘటన ఉంది. శుభ్రపరచడం అవసరమే. కానీ ఆ పేరిట మనిషిని గాయపరచడం అవసరం లేదు. మృదుత్వం ఏ పనిలో చేరినా దానికి శోభనిస్తుందని, తొలగితే దానిని వికృతపరుస్తుందని హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు చేరిన హదీసు బోధిస్తున్నది. మనుషులకు చెప్పినదే కలపకూ వర్తిస్తుందని మాకు అర్థమైనది.

ఆలోచిస్తే ఆ సోదరుని చేతుల విషయంలో, మా తలుపు విషయంలో జరిగిన పొరపాటు ఒక్కటే. రంగును శత్రువుగా చూశాము. దాని క్రింద ఉన్నదేమిటో మరచిపోయాము. ఒకచోట చర్మం, ఒకచోట కలప. తలుపు చుట్టూ తిరిగే పసివారి ప్రాణాలను అసలే గుర్తుంచుకోలేదు.

ఆ తలుపును ఆయనే ఊడదీసి, పెరటిలో తడిపి తడిపి, తొమ్మిది రోజులలో శుభ్రపరిచాడు. లతలు మళ్లీ కనిపించాయి. ఒక మూల ఆకుపచ్చ రంగు చెక్కలోకి ఇంకిపోయి రాలేదు. "దీన్ని లాగితే చెక్క పోతుంది, వదిలేద్దాం హజ్రత్" అన్నాడు. వదిలేశాము. ఆ తొమ్మిది రోజులూ జుహర్ వేళకు చేతులకు నూనె రాసుకుని, కడుక్కుని, వుజూ చేసి, మా ప్రక్కనే సఫ్‌లో నిలబడ్డాడు. గోళ్ల మీద కొద్దిగా నీలి వన్నె ఇంకా మిగిలే ఉంది.

అల్లాహ్ మన ఇళ్లను, మన పిల్లలను కాపాడుగాక! మన చేతుల పనులను మృదువుగా చేయుగాక! ఆమీన్.